డాబా మీద అయిదు మీటర్లు

ఎవరి పేరు మీద ఇవాళ మనం ఇక్కడ చేరామో ఆ మేష్టారు మాకు హైస్కూల్లో సైన్సు చెప్పారు. వారింట్లో రేడియో పక్క గూట్లో ఓ చిన్న పుస్తకం ఉండేది. ఏటా పోస్టాఫీసుకు పట్టుకెళ్లి, డబ్బు కట్టి, బిళ్లలు అంటించుకొచ్చేవారు. రేడియో లైసెన్సు పుస్తకం. ‘‘పాట వినడానికి సర్కారు అనుమతి ఏమిటండీ?’’ అంటే, ‘‘పాటకు కాదురా, పెట్టెకు’’ అనేవారు.

అప్పటి చట్టాల సారం అదే. 1885 టెలిగ్రాఫ్ చట్టం తంతిని సర్కారు గుత్తసొత్తు చేసింది. 1933 వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేకుండా పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమంది. 1890లలో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో గోడల గుండా తరంగాలు పంపి గంట మోగించినప్పుడు ఆయన్ని ఎవరూ లైసెన్సు అడగలేదు. అడగడానికి ఆ చట్టం ఇంకా పుట్టలేదు మరి!

ఊళ్లో పోరంబోకు ఉన్నట్టే గాలిలోనూ ఒకటుంది. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో మహాసభ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గరి కొంత మేరను పరిశ్రమల్లో, వైద్యంలో వేడి పుట్టించే యంత్రాలకు వదిలింది. సమాచారానికి పనికిరాని రొద అక్కడ అనుకున్నారు. 1985లో అమెరికా ఆ రొదలోనే లైసెన్సు లేకుండా మాట్లాడుకోనిచ్చింది. వైఫై పుట్టింది ఆ పోరంబోకులోనే.

మనకు 1995లో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అంది. క్రికెట్ ప్రసారాల కేసు అది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారూ ఉన్నారు, విడిగా తీర్పు రాశారు. అయితే ప్రజల ఆస్తి అంటే ఎవరైనా వాడుకోవచ్చని కాదు, స్వతంత్ర సంస్థ అజమాయిషీలో ఉండాలని. లైసెన్సు ఎక్కడ అక్కర్లేదో చెప్పడం మాత్రం సర్కారు గెజిట్ చేతిలోనే ఉండిపోయింది.

గెజిట్ 2005 జనవరి 28న పలికింది. అంతకుముందు నాలుగు గోడల మధ్యకే ఉన్న లైసెన్సు మినహాయింపు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆరుబయటికొచ్చింది. పంపే శక్తి ఒక వాట్ మించకూడదు, యాంటెన్నా అప్పటికే ఉన్న భవనం కప్పు మీద అయిదు మీటర్లు దాటకూడదు. నన్నడిగితే చరిత్రంతా ఈ రెండో షరతులోనే ఉంది.

ధర్మశాలలో టిబెటన్ శరణార్థుల ఊళ్లను కలుపుతూ అదే ఏడాది ఎయిర్‌జల్ది అనే వైఫై వలయం మొదలైంది. కోతులు యాంటెన్నాలు పట్టుకు ఊగేవట. ఊగితే ఊగాయి, అక్కడ ఎత్తు కొండే ఇచ్చింది. మన పశ్చిమ గోదావరిలో భీమవరం చుట్టూ బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో ఊళ్లను వైఫైతో కలిపి, వీడియోలో పాఠాలూ వైద్యమూ నడిపింది. అక్కడ నేల పళ్లెంలా చదును. గట్టు మీద నిలబడి చూడండి, ఎటు చూసినా కొబ్బరి తలలే. ఈ తరంగం ఆకుల్లో అణగిపోతుంది, రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడాలి. అంటే టవరు కావాలి. వైఫై రేడియో వేలల్లో వస్తుంది, టవరు లక్షల్లో. అయిదు మీటర్లు దాటిందా, మళ్లీ ఢిల్లీ అనుమతి. గాలికి లైసెన్సు తీశారు, ఎత్తుకు తీయలేదు. పట్నంలో మేడ మీద ఆ కొలత దర్జాగా సరిపోయింది. కమ్మల ఇళ్లూ పెంకుటిళ్లూ ఉన్న ఊరికి సరిపోలేదు. ఇది కుట్రేం కాదు, ఆ రూలు రాసినవాళ్ల కళ్ల ముందు పట్నం ఉంది, అంతే.

లైసెన్సు లేనివాడికి ఫిర్యాదు హక్కు కూడా లేదు. పక్కవాడి రొద భరించాలి, తన రొద లైసెన్సు ఉన్నవాడికి తగలకూడదు.

5 గిగాహెర్ట్జ్‌నూ 2005లోనే ఇచ్చారు, గది లోపలికి. బయటికి రావడానికి పదమూడేళ్లు పట్టింది: 2018 అక్టోబరులో 605 మెగాహెర్ట్జ్ విడుదలైంది. 2023లో ఆ పాత రెండు చట్టాల స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 2025 మేలో 6 గిగాహెర్ట్జ్ దిగువ భాగానికి లైసెన్సు మినహాయింపు ముసాయిదా వెలువడింది: గది లోపల తక్కువ శక్తి, బయట అతి తక్కువ శక్తి. బయటికని చెప్పిన ఆ కాస్త శక్తితో జేబులో ఫోను చెవిలో పరికరంతో హాయిగా మాట్లాడుకుంటుంది. కొబ్బరితోట మాత్రం దాటదు.