ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగిన దేవుడు

(విముక్త జాతుల దినం సందర్భంగా విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ హాల్లో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, పోలేరమ్మకూ అంకమ్మకూ మొక్కేవాళ్ళున్నారు. నేను చెప్పబోయేది బైబిల్లో భాగం. అయినా అందులోని సంగతి మన ఎరుకల ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే.

ఆదికాండం 16వ అధ్యాయం. హాగరు ఐగుప్తు స్త్రీ, అబ్రాము ఇంట్లో దాసి. కడుపుతో ఉంది. యజమానురాలు శారయి పెట్టే బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది. ఆ అధ్యాయమంతా వెతికినా అబ్రాము గానీ శారయి గానీ ఆమెను పేరుపెట్టి పిలిచింది లేదు. దాసి అంటారు, అంతే. షూరు దారిలో నీటి ఊట దగ్గర దేవదూత ఆమెను చూసి మొదట పేరుతో పిలుస్తాడు. ఆ వెనకే శారయి దాసీ అన్న మాట కూడా ఉంది, దాచను. కానీ పేరు ముందుంది. పిలిచి, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని అడుగుతాడు.

మా నాయనమ్మకు చదువు రాదు, మేమే చదివి వినిపించేవాళ్ళం. ఈ ప్రశ్న దగ్గర ప్రతిసారీ ఆపించేది. "ఇది పోలీసోడి మాట గదరా!" అనేది.

మన పెద్దలు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసి ధాన్యం తెచ్చుకునేవారు. రైళ్ళొచ్చి ఆ వ్యాపారాన్ని తినేశాయి. తిరిగే జాతి అన్న అనుమానం మాత్రం మిగిలింది. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వేలిముద్ర వేయాలి, పేరు రిజిస్టరుకెక్కాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. కృష్ణకు ఆ ఒడ్డున సీతానగరంలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో మనవాళ్ళను సెటిల్మెంట్లలో పెట్టారు. సీతానగరంలో రాళ్ళు కొట్టించారు. రెండింటినీ నడిపింది రక్షణ సైన్యం. బైబిలు చదివి వినిపించినవాళ్ళే హాజరూ తీసుకున్నారు. బడి పెట్టారు, వైద్యం చేశారు, అదీ నిజమే. కానీ చూడటమంటే కాపలా కాయడమేనని మన పిల్లల మనసులో అక్కడే పడిపోయింది. దేవుడు అంతా చూస్తున్నాడని ఎవరన్నా అంటే చిన్నప్పుడు భయమేసేదని నాయనమ్మ చెప్పేది.

ఇక హాగరు జవాబు చూడండి. యజమానురాలి దగ్గర నుంచి పారిపోతున్నానని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎక్కడికి అన్నదానికి జవాబు లేదు, ఆమెకే తెలియదు. పోలీసులడిగితే మనలో ఎవరైనా ఇంత నిజం చెబుతారా? చెప్పినందుకు ఆమెను తిట్టలేదు. పుట్టబోయే బిడ్డకు ఇష్మాయేలు అని పేరిచ్చాడు. దేవుడు వింటాడని దానర్థం. అప్పుడామె కూడా ఆయనకొక పేరు పెట్టింది, నన్ను చూసే దేవుడని. బైబిల్లో దేవుడికి పేరు పెట్టిన మొదటి మనిషి ఈ దాసే. ఎరుక చెప్పి బతికిన జాతి మనది. చూడటానికీ ఎరగడానికీ ఉన్న తేడా మనకు వేరే చెప్పాలా?

ఒక మాట మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. తిరిగి వెళ్ళి శారయికి లోబడి ఉండమన్నాడు. బోధకులు ఇక్కడ గబగబా దాటేస్తారు. కడుపుతో ఉన్న ఒంటరి ఆడది ఎడారిలో బతకదు కదా అంటారు. కావచ్చు. నాకు మాత్రం సెటిల్మెంటే గుర్తొస్తుంది. నాకు కాస్త ఊరటనిచ్చింది 21వ అధ్యాయం. ఈసారి వాళ్ళే ఆమెను బిడ్డతో సహా వెళ్ళగొట్టారు. తిత్తిలో నీళ్ళైపోయాయి. బిడ్డ చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడ్చింది. దేవుడు ఆమె కళ్ళు తెరిస్తే నీళ్ళ బావి కనబడింది. ఈసారి వెనక్కి వెళ్ళమనలేదు. ఆ పిల్లవాడు ఎడారిలోనే విలుకాడై పెరిగాడు.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ప్రశ్న మాత్రం రద్దు కాలేదు. ఇంటర్వ్యూలో ఊరేదని అడిగితే మన స్టూవర్టుపురం కుర్రాళ్ళు "బాపట్ల దగ్గర" అని ఆగిపోతారు. సినిమావాళ్ళు ఆ ఊరి పేరు మీద దొంగల కథలే తీశారు మరి. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే చెప్పాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నాయనమ్మ మొహం చూడలేకపోయాను.

ఆమె పోయే ముందు ఏడాది ఆ భాగం మళ్ళీ చదివించుకుంది. ప్రశ్న దగ్గర ఆపలేదు. ఈసారి ఆపవేమని నేనే అడిగాను.

"ఆయన రాసుకోడానికి అడగలేదురా" అంది.