సోయా చిప్సులో బలమెంత? ఉప్పెంత?

(సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



జంతికలకు, చేగోడీలకు మారుగా ఇప్పుడు మన యిండ్లకు ఉప్పు చల్లిన సోయా చిప్సు పొట్లములు వచ్చుచున్నవి. సోయా బలకరమని తలచి పిల్లలకును, వృద్ధులకును పెట్టుచున్నాము. ఇందు నిజమెంతయో విచారింతము.

ఎండు సోయా గింజలు 100 గ్రాములలో మాంసకృత్తులు సుమారు 36 గ్రాములు, క్రొవ్వు సుమారు 20 గ్రాములు కలవు. అయితే గింజ వేరు, చిప్సు వేరు. చిప్సులో తరచుగా బియ్యపు పిండియో, మొక్కజొన్న పిండియో కలియును. నూనెలో వేచిన క్రొవ్వు హెచ్చును. పొట్లముపై దినుసులను బరువునుబట్టి ఎక్కువనుండి తక్కువకు వ్రాయుదురు. అందు సోయా ఎన్నవదో చూడవలెను.

ఇక ఉప్పు సంగతి. పొట్లముపై సోడియము లెక్క యుండును. దానిని రెండున్నరచే హెచ్చించిన ఉప్పు తెలియును. 100 గ్రాములకు సోడియము 800 మిల్లీగ్రాములైనచో ఉప్పు 2 గ్రాములు. పెద్దలకు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పిల్లలకు ఇంకను తక్కువ. మన ఊరగాయలు, అప్పడములు ఈ లెక్కలోనివే. రక్తపుపోటుగల వృద్ధులకు ఆంగ్లము చదువరాకున్నచో, ఆ అంకెను మన పిల్లలు చదివి చెప్పవలెను.

చిప్సును రుచికై ఎప్పుడైన పిడికెడు తిందము. బలమునకు సోయా గింజలను నానబెట్టి, మెత్తగా ఉడికించి, గుగ్గిళ్లు చేసికొందము. తమిళ సోదరుల సుండల్, కన్నడ సోదరుల ఉసలి అట్టివే గదా! అందు ఉప్పు మన చేతిలోనే యుండును.