పాత స్కూటరు - కార్బొరేటరు చెప్పిన పాఠం



నేను మెకానిక్కును కాను. 36 ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు రాసిన గుమాస్తాను. అయినా మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు కనుక నిలబడ్డాను.

కొండాపూర్‌లో మా ఇంటి మెట్ల కింద 1986లో కొన్న బజాజ్ చేతక్ ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకొని తిరిగిన బండి. ఆవిడ పోయాక ఎనిమిది నెలలు దాన్ని ముట్టుకోలేదు. ట్యాంకులో పెట్రోలు అలాగే ఉండిపోయింది. తప్పు నాదే. "పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం నాన్నా" అన్నాడు మా అబ్బాయి. స్టార్టయితే ఉంచుదామని ఒప్పందం కుదిరింది.

పాత పెట్రోలు తీసేసి, లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపిన కొత్త పెట్రోలు పోశాను. పది కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పి చూశాను. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, లేదా స్పార్కు లేనట్టు. పొడిగా ఉంటే పెట్రోలు అందనట్టు. నాది పొడి.

కార్బొరేటరు దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి కాక్ తిప్పాను. ధార మొదలై సన్నబడింది. ట్యాంకు మూత వదులు చేయగానే జోరుగా వచ్చింది. అంటే మూతలోని గాలిరంధ్రం పూడింది. శుభ్రం చేశాను. ఈసారి చోక్ లాగితే స్టార్టయింది, చోక్ మూయగానే ఆగిపోయింది. పెట్రోలు చాలడం లేదు, స్లో జెట్ పూడి ఉంటుందన్నమాట.

రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మనవరాలు ఫోను లైటు పట్టింది. జెట్ వెలుగుకు పెట్టి చూస్తే రంధ్రమే కనబడలేదు. నిలవ పెట్రోలు ఆవిరై జిగురుగా మిగులుతుంది. కార్బొరేటరు క్లీనరులో నానబెట్టి సైకిలు పంపుతో గాలి కొట్టాం. తీగతో పొడవకండి, ఇత్తడి రంధ్రం పెద్దదవుతుంది. జాలీ కడిగి, ఫ్లోట్ సూది చూసి బిగించాం. మూడో కిక్కుకు స్టార్టయింది! ఈ పనంతా ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి సుమా.

ఇంకొక మాట. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు దెబ్బతినవచ్చు. నెలకు మించి బండి నిలిపితే ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేయండి.

వారం తరువాత చీకటి పడే వేళ కొత్తగూడ కూడలిలో ఎదురు లైట్లకు కళ్లు చెదిరాయి. రోడ్డు దాటుతున్న అమ్మాయి కనబడలేదు. ఆమే వెనక్కి గెంతి బతికించింది, తనను, నన్ను కూడా. ఆ రాత్రే తాళంచెవి మనవరాలి చేతిలో పెట్టాను. గేర్లు నేర్పాను. ఇప్పుడు ఆదివారం ఉదయాలు తాను నడుపుతుంది, మా ఆవిడ కూర్చున్న చోట నేను కూర్చుంటాను.

బండిని బాగుచేసుకోండి. చూపు మందగిస్తే మాత్రం మొహమాటపడకుండా తాళంచెవి ఇచ్చేయండి.