‘లేదు’ అని రాసే ముందు

(తిరుత్తణిలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ పక్క ఊళ్లోనే మగ్గం చప్పుడు వింటూ పెరిగాను. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. ఆ తర్వాత కాలేజీ ఫీజు కట్టింది ఇలాంటి ఉపకార వేతనమే. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కూడా ఉపకార వేతనాలతోనే చదువుకున్నారు. కాబట్టి ఈ కవరు అందుకోవడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

దోమలు మోసే వైరస్‌ల మీద పరిశోధన నా వృత్తి. ముఖ్యంగా మెదడువాపు వ్యాధి, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది మనకు దగ్గరే, వేలూరులో, 1955లో. వరి మళ్లలో నిలిచిన నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. వైరస్ కొంగల్లో, పందుల్లో వృద్ధి అవుతుంది. వాటిని కుట్టిన దోమ మనిషిని కుడితే మనిషికి వస్తుంది. మనిషి రక్తంలో వైరస్ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి అతన్నుంచి దోమ ద్వారా మరొకరికి అంటదు. మెదడువాపు దాకా వెళ్లినవారిలో నూటికి 30 మంది దాకా చనిపోవచ్చు. బతికినవారిలోనూ చాలామందికి మాట, నడక, తెలివి దెబ్బతింటాయి. ఈ వైరస్‌ను చంపే మందు నేటికీ లేదు.

పరిశోధక విద్యార్థిగా తిరువళ్లూరు చుట్టుపక్కల ఊళ్లలో పొద్దు గూకే వేళ పశువుల కొట్టాల దగ్గర దోమలు పట్టేవాణ్ణి. చేతిలో టార్చిలైటు, నోట్లో దోమను లోపలికి పీల్చే గొట్టం. పట్టిన దోమలను 50 చొప్పున సీసాల్లో వేసి, ఐసు పెట్టెలో మద్రాసుకు తీసుకుపోవాలి.

ఒకసారి ఖర్చు కలిసివస్తుందని ఐసు తక్కువ వేశాను. దారిలో బస్సు చెడిపోయింది. చేరాక చూస్తే పెట్టెలో ఐసు లేదు, గోరువెచ్చటి నీళ్లున్నాయి. ఆ కాలమంతా ఆ ఊళ్లో పట్టిన దోమలు అవే.

వేడికి వైరస్ చచ్చిపోతుంది. పరీక్ష చేస్తే ఫలితం ‘లేదు’ అనే వస్తుంది. అలా రాసేస్తే అడిగేవారు లేరు. నా ఫెలోషిప్‌కు ఎనిమిది నెలలే మిగిలి ఉంది. కానీ ఆ ‘లేదు’ను నమ్మి, ఆ ఊరికి భయం లేదని అందరూ అనుకుంటే? జ్వరం వచ్చిన పిల్లను ఒక రోజు ఆలస్యంగా ఆసుపత్రికి తెస్తే?

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. ఆయన మగ్గం ఆపి, “చీకిన నూలుతో నేస్తే చీర నిలుస్తుందారా?” అన్నాడు. అంతే.

మర్నాడు రిజిస్టరులో ‘నా పొరపాటు వల్ల చెడిపోయాయి, పరీక్షకు పనికిరావు’ అని రాశాను. మళ్లీ వరి కాలం దాకా ఆగాల్సి వచ్చింది. ఫెలోషిప్ అయిపోయింది. ట్యూషన్లు చెప్పుకుని బతికాను. మన కొండకు 365 మెట్లు, ఏడాదికెన్ని రోజులో అన్ని. ఆ ఏడు ప్రతి రోజూ నాకు ఒక మెట్టే. మరుసటి కాలంలో అదే ఊరి దోమల్లో వైరస్ దొరికింది.

జాగ్రత్తగా దాచిన నమూనా ఏం చేయగలదో కూడా చెబుతాను. 1980ల తొలి ఏళ్లలో కర్ణాటకలోని కోలారు ప్రాంతపు రోగి నుంచి తీసిన వైరస్‌ను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థవారు వేరుచేసి భద్రపరిచారు. దాని నుంచే హైదరాబాదులోని భారత్ బయోటెక్ జెన్వాక్ అనే టీకా తయారుచేసింది. అది 2013లో విడుదలైంది. అంటే దాదాపు 30 ఏళ్ల తర్వాత! ఆ రోజు సీసా మీద చీటీ సరిగ్గా అంటించినవారెవరో మనకు తెలియదు. వారి శ్రద్ధ మాత్రం పిల్లల ప్రాణాలకు కాపలా కాస్తోంది.

విద్యార్థులారా! తెలియనిదాన్ని తెలియదనండి, చెడినదాన్ని చెడిందనండి. పోయిన ఏడాదిని కష్టపడి పూడ్చుకోవచ్చు, తప్పుడు లెక్కను నమ్మినవారికి జరిగే నష్టాన్ని పూడ్చలేం.

తల్లిదండ్రులకు రెండు మాటలు. మార్కులు తగ్గాయని నిజం చెప్పిన బిడ్డను కొట్టకండి, రేపటి నుంచి అబద్ధం నేర్చుకుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మెదడువాపు టీకా గురించి ఆరోగ్య కేంద్రంలో అడగండి.