మన రాజుల కోట చుట్టూ నడిచి రండి

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మైకు ముందు నిలబడింది ఒక్కరే అయినా ఈ మాటలు గిరిజన హాస్టళ్ళలో మీతో పాటు ఉండే మా అందరివీ. అందుకే 'మేము' అని మాట్లాడుతున్నాం.

కొత్తగా చేరిన పిల్లలను మేము ఒక ప్రశ్న అడుగుతుంటాం. "మీకు తెలిసిన కోటల పేర్లు చెప్పండి." గోల్కొండ అంటారు, వరంగల్ అంటారు, భువనగిరి అంటారు. మంచిదే. "మరి చంద్రపూర్ అంటే ఏం గుర్తుకొస్తుంది?" అంటే ఒకరు బొగ్గు గనులంటారు, ఒకరు కరెంటు ఫ్యాక్టరీ అంటారు, ఇంకొకరు తాడోబా పులులంటారు. కోట అన్నవాళ్ళు తక్కువ.

ఇంకోవైపు పెద్ద పిల్లల ఫోన్లలో వేరే రకం చరిత్ర తిరుగుతూ ఉంటుంది. "మన రాజులు దేశమంతా ఏలారు" అని ఒక బొమ్మ, దాని కింద ఇష్టమొచ్చిన సంవత్సరం. రేపు కాలేజీలో ఎవరైనా "మీది అడవి, మీకేం చరిత్ర?" అని అంటే ఏమీ తెలియనివాళ్ళు తల దించుకుంటారు. ఫోన్లో చూసింది చెప్పినవాళ్ళు రెండో ప్రశ్నకే తడబడతారు. ఇద్దరికీ నష్టమే. అందుకే మేము అడిగేది ఒక్కటే. మీ కాళ్ళతో వెళ్ళి, మీ కళ్ళతో చూసి, రాసుకొని రండి. అలా తెచ్చుకున్నదాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు.

నడవడం మనకు ఎవరో నేర్పవలసిన పని కాదు. నాగోబా జాతర కోసం మెస్రం వంశస్థులు కేస్లాపూర్ నుంచి కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా నడిచి వెళ్ళి గోదావరి జలం తెస్తారు. ఆ దారిలో ఎక్కడ ఆగాలి, ఏ చెట్టు కింద పడుకోవాలి అన్నది కూడా వాళ్ళకు చరిత్రే. అదే నడకను కోటల వైపు కూడా తిప్పుదాం అంటున్నాం.

ముందు కొంచెం చరిత్ర. చాందా గోండు రాజుల మొదటి రాజధాని సిర్పూర్ అని, తర్వాత వార్ధా నది ఒడ్డున బల్లార్పూర్‌కు, అక్కడి నుంచి చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు మారిందని పరంపరగా చెబుతారు. ఖాండక్యా బల్లాళ షా 15వ శతాబ్దం చివరి భాగంలో చాందా కోటకు పునాది వేశాడు. 1751లో నాగపూర్ భోంస్లేలు ఈ రాజ్యాన్ని కలుపుకున్నారు. 1818లో బ్రిటిష్ వాళ్ళు కోటను పట్టుకున్నారు. ఇంకో మాట గుర్తుంచుకోండి. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోనిదే. కాబట్టి మనం వెళ్ళేది పరాయి దేశం కాదు. సరిహద్దు గీత కొత్తది, చుట్టరికాలు పాతవి.

సిర్పూర్ కాగజ్‌నగర్‌లో రైలెక్కితే బల్లార్షా చేరడానికి రెండు గంటలు కూడా పట్టదు. అక్కడ దిగి మొదట వార్ధా ఒడ్డున ఉన్న బల్లార్పూర్ కోట చూడండి. తర్వాత చంద్రపూర్ సుమారు 15 కిలోమీటర్లు. సైకిలు దొరికితే సైకిలు మీద వెళ్ళవచ్చు. అయితే అది బొగ్గు లారీలు తిరిగే దారి, తెల్లవారగానే బయలుదేరాలి. ఒకరి వెనుక ఒకరు వెళ్ళాలి, పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ కాదు.

చంద్రపూర్ కోట గోడ చుట్టుకొలత సుమారు 10 కిలోమీటర్లు. ఊరంతా ఆ గోడ లోపలే పుట్టి, తర్వాత బయటికి పెరిగింది. నాలుగు దిక్కులా నాలుగు దర్వాజాలు. ఉత్తరాన జట్‌పురా, తూర్పున అంచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమట బింబా. వీటి మధ్య ఐదు చిన్న దిడ్డి వాకిళ్ళున్నాయి, అక్కడ ఖిడ్కీలంటారు. చోర్ ఖిడ్కీ, మసాన్ ఖిడ్కీ లాంటి పేర్లు వింటేనే ఏ వాకిలి ఎందుకు వాడారో ఊహ మొదలవుతుంది. దర్వాజా దగ్గర తల ఎత్తి చూడండి. ఏనుగును అణిచిన సింహం కనిపిస్తుంది. అది మన రాజుల ముద్ర. జట్‌పురా దర్వాజా కింద బండ్లు రోజూ ఇరుక్కుంటాయి. హారన్లు కొట్టుకుంటూ దాని కిందుగా పోయే వందల మందిలో తల ఎత్తేవాళ్ళు కొద్దిమందే. నడిచేవాడికే ఆ తీరిక ఉంటుంది.

అంచలేశ్వర్ దర్వాజా దగ్గర గుడి, దాని పక్కన గోండు రాజుల సమాధులు ఉన్నాయి. వాటిలో పెద్దది బీర్‌షా సమాధి. కట్టించింది ఆయన భార్య రాణీ హిరాయి. భర్త పోయాక దత్తపుత్రుడు రామ్‌షా పెద్దవాడయ్యేదాకా రాజ్యాన్ని నడిపింది ఆమే. అక్కడికి దగ్గర్లోని మహాకాళి గుడి కట్టించింది కూడా ఆమే. చెల్లెళ్ళూ, ఈ ఒక్క పేరు తెలుసుకోవడానికైనా మీరు అక్కడికి వెళ్ళాలి. కోట అంటే మగవాళ్ళ కత్తుల కథ మాత్రమే కాదు.

ఇదే ఊళ్ళో జైలు ఆవరణలో 1858 అక్టోబరు 21న బాబూరావ్ షెడ్మాకేను ఉరితీశారు. బ్రిటిష్ వాళ్ళ మీద గోండు యువకులను కూడగట్టి పోరాడినవాడు. ఏటా ఆ రోజున జనం అక్కడికి వచ్చి దండం పెట్టుకుంటారు. కొమురం భీమ్‌ను తలుచుకునే మన జోడేఘాట్‌కు, ఆ చోటుకు మనసులో ఒక దారి వేసుకోండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. వెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్ళండి. పేజీకి మూడు గడులు గీయండి. చూసింది, విన్నది, చదివింది. ఒకదానిలోది ఇంకోదానిలో కలపకండి.

ఉదాహరణ చెబుతాం. రాజు వేటకు వెళ్ళినప్పుడు ఒక కుందేలు కుక్కను తరమడం చూశాడని, అవి పరుగెత్తిన దారి వెంబడే కోట గోడ కట్టారని చెబుతారు. వంటి నిండా గడ్డలతో బాధపడుతున్న ఆ రాజుకు జర్పట్ వాగు నీళ్ళతో జబ్బు నయమైందని కూడా చెబుతారు. ఎంత చక్కని కథలు! ఇవి 'విన్నది'లో రాయాలి. 1751 అన్నది 'చదివింది'. సింహం ముద్ర, గోడ పగుళ్ళు, రాళ్ళ మధ్య నుంచి మొలిచిన రావిచెట్టు 'చూసింది'. కథను కథగా చెప్పితే దాని విలువ తగ్గదు. కథను తేదీగా చెప్పితేనే మనం నవ్వులపాలవుతాం.

మనది కానిదాన్ని మనదని రాయకండి. రాజురా దాటి జివతి వైపు కొండ మీద మాణిక్‌గఢ్ కోట ఉంది. దాన్ని గోండు రాజులకంటే ముందు మానా నాగవంశీయులు కట్టారని చెబుతారు. దర్వాజా మీద నాగుపాము బొమ్మ చూడండి. ముందున్నవాళ్ళ పేరు చెప్పినంత మాత్రాన మన పేరు చిన్నదైపోదు.

గోడ చూసినప్పుడు ఇంకొకటి కూడా ఆలోచించండి. రాజుల పేర్లు మిగిలాయి. బండలు కొట్టినవాళ్ళ, సున్నం కాల్చినవాళ్ళ, నీళ్ళు మోసిన ఆడవాళ్ళ పేర్లు మిగలలేదు. ఆ పేజీలో ఒక గడి ఖాళీగా వదలండి, అది వాళ్ళది.

రాళ్ళ మీద పేర్లు చెక్కకండి. రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని చట్టం చెబుతోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, తాత గోడ మీద మనవడు గీతలు గీస్తాడా? 2017లో చంద్రపూర్ యువకులే ఎకో-ప్రో సంస్థ తరఫున గడ్డపారలు, కొడవళ్ళు పట్టుకొని నెలల తరబడి ఆ గోడ మీది పొదలు నరికారు, చెత్త ఎత్తారు. ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో వాళ్ళ గురించి చెప్పారు. రాతలు మానడమే కాదు, అలాంటి పని కూడా మన చేతుల్లో ఉంది.

దండారి ముగిశాక, నాగోబా జాతరకు ముందు వెళ్ళడం మంచిది. ఎండాకాలం చంద్రపూర్‌లో మధ్యాహ్నం నిలబడలేరు. ఐదారుగురు కలిసి వెళ్ళండి. ఇంట్లో చెప్పి, హాస్టల్ పిల్లలైతే అనుమతి రాయించుకొని వెళ్ళండి. నీళ్ళసీసా, రొట్టె, టోపీ, అరిగిపోని చెప్పులు చాలు. చార్జీలకు డబ్బు లేకపోతే ఉట్నూరు కోటతో మొదలుపెట్టండి, సిర్పూర్ వాళ్ళు సిర్పూర్‌తో మొదలుపెట్టండి. ఇంటి దగ్గరి శిథిలం చిన్నదైనా చదవడం నేర్పుతుంది.

తిరిగి వచ్చాక నోటుబుక్కు మూసి పెట్టకండి. మీ గూడెంలో కిక్రి వాయించే ప్రధాన్ దాదా, తోటి దాదా ఉంటే ఆయన దగ్గర కూర్చొని మీరు చూసింది చెప్పండి. ఆయనకు తెలిసిన కథ అడిగి 'విన్నది'లో రాసుకోండి. ఆ పెద్దవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. గోడ రాళ్ళు ఇంకో వందేళ్ళు నిలుస్తాయేమో, ఆ గొంతులు ఆగవు. అందుకే ఈ చలికాలమే వెళ్ళండి, వచ్చే ఏడాది అనుకోకండి.

వచ్చే సమావేశానికి మేము అడగబోయేది ఉపన్యాసం కాదు. మూడు గడులు నిండిన ఒక పేజీ తెచ్చి అందరి ముందు చదవండి. ముందు వరుసలో కూర్చొని మేము వింటాం.

జై సేవ.