నీటిలో ఫ్లోరైడ్, మిరపలో పురుగుమందు

ఫ్లోరైడ్ నీటి రంగు మార్చదు, వాసన తేదు, కాచినా పోదు. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించి 1937లో ప్రకటించింది పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం నుంచే. అప్పట్లో అవి నెల్లూరు జిల్లావి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని భారత ప్రమాణం. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి. ఇంత కొద్దిపాటిని పసిగట్టే ఎలక్ట్రోడ్‌ను 1966లో ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. దాని కొనన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. అందులో కదలగలిగేవి ఫ్లోరైడ్ అయాన్లే. లోపలి ద్రావణానికీ బయటి నీటికీ ఉన్న తేడా వోల్టేజీగా తేలుతుంది: ఫ్లోరైడ్ పదింతలైతే సుమారు 59 మిల్లీవోల్టుల మార్పు. అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి దాచేస్తాయి గనుక ముందు బఫర్ ద్రావణం కలపాలి. అది కలపని కొలతను నమ్మడానికి లేదు.

గుంటూరు పత్తి, మిరప చేలలో సమస్య వేరు: పురుగుమందుల అవశేషాలు. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు పురుగుల నరాల్లోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణిచేస్తాయి. పిచికారీ చేసే కూలీ నరాలకు ముప్పు కూడా అలాగే వస్తుంది. ఆ ఎంజైమునే అద్దిన బయోసెన్సార్‌లో సంకేతం ఎంత తగ్గితే అవశేషం అంత ఎక్కువ. ఏ మందో మాత్రం అది చెప్పలేదు. అందుకు ప్రయోగశాలలో క్రోమటోగ్రఫీ చేయాల్సిందే.