వెనుక పలక

మురుంగపాక్కము హస్తకళాగ్రామమున నొక కచేరిని ధ్వనిముద్రణము చేయఁబూనినవారు ముందుగాఁ బరిశీలింపవలసినది ధ్వనిముద్రణ యంత్రపు వెనుకభాగము. అచ్చటి ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లలోఁ బిన్నులు గలది ధ్వనిసంకేతమును వెలువరించును, రంధ్రములు గలది స్వీకరించును. మూడింటిలో మొదటి పిన్ను ఎర్తు. తక్కిన రెండును ఒకే సంకేతమును పరస్పర విరుద్ధముగా మోసికొనిపోవుటచేత, దారిలో రెండు తీగలలోను సమానముగాఁ జొరబడిన విద్యుత్తు రొద అవతలి యంత్రమునఁ గొట్టివేయబడి, గానము మాత్రము నిర్మలముగా నిలుచును. ఎంత సుందరమైన యుపాయము! వృత్తిపరికరముల ప్రామాణిక స్థాయి 1.23 వోల్టులు, గృహపరికరములది 0.316 మాత్రమే, మొదటిదానిని రెండవదానికి నేరుగాఁ దగిలించినచో స్వరము చిట్లిపోవచ్చును. తీగలు కలుపునప్పుడు స్పీకర్ల ధ్వనిని పూర్తిగాఁ దగ్గింపుఁడు. మైకును బిగించిన పిదపనే 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తును వదలుఁడు.